అప్పజెప్పని సిల్

సింహళ తీరాన వెల్లమోదరలో సాయంత్రం నాలుగున్నర అయిందని తెలియడానికి గడియారం చూడక్కర్లేదు. సోమలత వంటింట్లోంచి కేక వినపడుతుంది.

"జోసీ అక్కా! ఒక్కసారొచ్చి ఉప్పు చూసి పో!"

పక్కింటి జోసీ నోనా గొణుక్కుంటూ వస్తుంది. డెబ్భై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. అరచేతిలో వేసిన కొబ్బరి పచ్చడిని, అదే సంబల్‌ని నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు బెట్టు చేసి, "నిమ్మకాయ ఇంకో చుక్క పిండు" అనో, "ఉప్పు ఎవరికి దాచిపెట్టావే?" అనో తేల్చి చెబుతుంది. ఆ తర్వాతే సోమలత గుమ్మంలో గిన్నెలతో నిలబడ్డవాళ్ళకి ఇందియాప్పలు పెట్టడం మొదలుపెడుతుంది.

పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఎర్రబియ్యం పిండిని వేణ్ణీళ్ళతో కలిపి, అచ్చులో పెట్టి, చిన్న చిన్న వెదురు తట్టల మీద సన్నగా ఒత్తి, దొంతరగా పేర్చి ఆవిరి మీద ఉడికించే ఆ ఇందియాప్పలంటే ఊరు పడి చస్తుంది. సగం ఇళ్ళలో రాత్రి భోజనం ఆమె పొయ్యి మీదిదే. ఆమె మాత్రం అందులో ఒక్క పోగు కూడా నోట పెట్టదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆమెకి ఇంక ఆ రోజుకి తిండి లేదు. పాలు పోయని టీ, ఒక బెల్లం ముక్క, అంతే. తెల్లబట్టలు తప్ప కట్టదు. మంచం ఎక్కదు, చాప మీదే పడక. మెడలో గొలుసు లేదు, తలలో పువ్వు లేదు. జోసీ ఇంట్లో టీవీలో పాటలు మొదలైతే లేచి బయటికి వచ్చేస్తుంది.

ఇవన్నీ సిల్‌లో ఉన్నవాళ్ళు పాటించే నియమాలు. సిల్ అంటే మన శీలమే. కానీ మనవైపు శీలం అంటే ఒక్కసారి పోతే మళ్ళీ రాని సొత్తు. అది కూడా ఎందుకో ఆడవాళ్ళ దగ్గరే ఉంటుంది, మగవాళ్ళు దాని గురించి మాట్లాడుతుంటారు. సింహళం వాళ్ళ దక్షిణ తీరంలో అలా కాదు. అక్కడ సిల్ తీసుకుంటారు. పున్నమి నాడు, అంటే పోయ రోజున, చీకటితో లేచి తెల్లబట్టలు కట్టుకుని కొండ మీది బౌద్ధుల గుడి పన్సలకి వెళ్ళి, అక్కడి భిక్షువు, అంటే హాముదురు ముందు చేతులు జోడించి, ఎనిమిది నియమాలూ ఒక్కొక్కటే పలికి తీసుకుంటారు. పగలంతా కాపాడుకుంటారు. దోమని చంపితే విరుగుతుంది, అబద్ధమాడితే విరుగుతుంది, పొద్దు తిరిగాక జామకాయ కొరికినా విరుగుతుంది. విరిగితే మళ్ళీ అడిగి తీసుకోవచ్చు, ఎవరూ వెలివేయరు. సాయంత్రం ఆరింటికి అందరూ మళ్ళీ కూర్చుని, తీసుకున్నదాన్ని నోటి మాటతోనే అప్పజెప్పి, రోజూ ఉండే అయిదు నియమాల్లోకి దిగి, ఇళ్ళకి పోయి అన్నం తింటారు. మంచితనాన్ని పొద్దున తీసుకుని సాయంత్రం ఇచ్చేస్తారా అని మొదట నవ్వొస్తుంది. ఉండగా ఉండగా ఆ జనం మీద గౌరవం కలుగుతుంది. ఒక్క రోజుకి మించి మనిషి మోయలేడని వాళ్ళు దాపరికం లేకుండా ఒప్పేసుకున్నారు.

సోమలత ఒక్కతే ఆ బరువుని పందొమ్మిదేళ్ళుగా దించలేదు.

ఊరు దాన్ని తనకి తోచినట్టు అర్థం చేసుకుంది. 'సిల్ అమ్మ' అని పేరు పెట్టింది. తల్లులు కూతుళ్ళకి ఆమెని చూపించి బుద్ధులు చెబుతారు. బస్సులో హాముదురుల కోసం ఖాళీగా ఉంచే ముందు సీటు చూపించి కండక్టరు "కూర్చోండమ్మా" అంటాడు. ఆమె తల వంచుకుని వెనక్కి పోయి, తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడుతుంది. వినయం అనుకుంటారు. అది వినయం కాదు, ఎప్పుడో ఒకరోజు దొరికిపోతానన్న భయం.

ఎందుకంటే ఆ సిల్ వెనక ఉన్నది పుణ్యం మీద ఆశ కాదు. ఒక మగమనిషి.

విజేపాల మోటార్లు బాగుచేసేవాడు. చేపల పడవల వెనక బిగించే మోటార్లని ఇసుకలో పరిచి విప్పేవాడు, మళ్ళీ బిగించేటప్పుడు ఒకటో రెండో మరమేకులు మిగిలిపోతే జేబులో వేసుకుని "ఇవి కంపెనీవాడు దండగకి పెట్టినవి" అనేవాడు. చిత్రమేమిటంటే ఆ మోటార్లు పనిచేసేవి. పెళ్ళయి పదిహేనేళ్ళయినా పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే, "మా ఇద్దరి గొడవలకే ఇల్లు చాలట్లేదు, మూడోవాణ్ణి ఎక్కడ పడుకోబెట్టను?" అనేవాడు. పోయ రోజున ఊరంతా సిల్ తీసుకున్నా ఆయన ఏనాడూ తీసుకోలేదు. సోమలత బతిమాలితే ఒకటే జవాబు.

"ఇద్దరం పైకెక్కి కూర్చుంటే కింద రొట్టె ఎవరు కాలుస్తారే?"

ప్రతి పోయ సాయంత్రం ఆరింటికి పన్సల మెట్ల కింద ఆయన నిలబడి ఉండేవాడు. చేతిలో అరిటాకు పొట్లం ఉండేది. అందులో వేడి కొబ్బరి రొట్టె, ఉల్లిపాయ ఎండుమిరపకాయ నూరిన కారం. సోమలత సిల్ అప్పజెప్పి, నూట నలభై మెట్లూ దిగి, ఇంటిదాకా ఆగలేక ఆఖరి మెట్టు మీదే కూర్చుని తినేది.

"నెమ్మదే తల్లీ. నిన్ను చూస్తే నిర్వాణం కోసం వెళ్ళొచ్చినట్టు లేదు, కరువులోంచి పారిపోయి వచ్చినట్టుంది."

"మాట్లాడకు. ఇంకోటి ఇవ్వు."

నిజం చెప్పాలంటే ఆమె పగలంతా కళ్ళు మూసుకుని ధ్యానం చేసింది ఆ ఆరు గంటల మీదే.

రెండువేల నాలుగు డిసెంబరు ఇరవయ్యారు కూడా పోయ రోజే. చీకటితో ఆమె బయల్దేరుతుంటే విజేపాల పడుకునే ఒక కన్ను తెరిచి అడిగాడు. "సాయంత్రం రొట్టెలో పచ్చిమిర్చి వెయ్యనా, వద్దా?"

"సిల్‌కి పోయే మనిషినా తిండి గురించి అడిగేది!" అని విసుక్కుని తలుపు దగ్గరగా లాగి వచ్చేసింది. వెయ్యమని చెప్పాల్సింది. ఆమెకి పచ్చిమిర్చి ఇష్టం, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా చెప్పి ఉండాల్సింది.

తొమ్మిదిన్నర కాకుండానే సముద్రం ఊళ్ళోకి వచ్చింది. పన్సల కొండ మీద తెల్లబట్టల్లో ఉన్న నలభై మందీ దాన్ని పైనుంచి చూశారు. దిగబోయినవాళ్ళని పెద్ద హాముదురు మెట్లకి అడ్డంగా నిలబడి ఆపారు. సోమలత కిందికి చేరేసరికి ఇల్లున్న చోట సిమెంటు గచ్చు మిగిలింది. విజేపాల లేడు. మర్నాడూ లేడు. ఒడ్డున వరసగా పడుకోబెట్టి దుప్పట్లు కప్పినవాళ్ళలోనూ లేడు.

ఆ సాయంత్రం పన్సల నిండా తడిసిన జనం. సిల్‌లో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ దొరికిందేదో తిన్నారు, తినమని పెద్ద హాముదురే చెప్పారు. సిల్ అప్పజెప్పాలని ఎవరికీ గుర్తు రాలేదు. సోమలతకి వచ్చింది. ఆరింటికి ఆమె వెళ్ళి ఆఖరి మెట్టు మీద నిలబడింది. ఆరింటికి రావడం ఆయనకి అలవాటు. ఇప్పుడు తను సిల్ అప్పజెప్పేస్తే పోయ రోజు అయిపోతుంది. రోజు అయిపోతే ఆయన రావడానికి ఇంక వేళ ఉండదు. అప్పజెప్పకపోతే రోజు అవ్వదు. దుఃఖంలో ఉన్న మనిషి ఆలోచన అది, దాన్ని నిలదీయకూడదు. ఆయన వచ్చాకే ఇస్తాననుకుంది.

రాలేదు. ఇవ్వలేదు.

తర్వాత కూడా ప్రతి పోయకీ పన్సలకి వెళ్ళేది. అందరూ నియమాలు పలుకుతుంటే ఆమె పెదవులు కదిపేది, గొంతు కలిపేది కాదు. ఉన్నదాన్ని మళ్ళీ ఎలా తీసుకుంటాం? సాయంత్రం అందరూ అప్పజెప్పడానికి కూర్చునే వేళకి, టీ తాగిన కప్పులన్నీ గంపకెత్తుకుని బావి దగ్గరికి పోయేది. ఎంత కష్టపడుతుందో పాపం అనుకునేవారు.

ఊరు రెండు మాటలు అనేది, రెండూ ఆమెకి గుచ్చుకునేవి. మొదటిది, "నీ సిల్లే నిన్ను కాపాడింది." అంటే ఆయన సిల్ తీసుకోలేదు కాబట్టి పోయాడనా? రొట్టె కాల్చడానికి కింద ఉండిపోయినవాణ్ణి అలా అంటారా? ఆ రోజు ఒడ్డున ఆడుకుంటున్న పసిపిల్లలు ఏ నియమం తప్పారు? పైకి అనలేక పళ్ళు బిగపట్టుకునేది. రెండోది ఏటా డిసెంబరులో వచ్చేది. పోయినవాళ్ళ పేరున ఊరంతా కలిసి హాముదురులకి దానం ఇచ్చి, ఆ పుణ్యాన్ని పోయినవాళ్ళకి అందజేస్తుంది. పేర్ల జాబితా రాసుకుంటూ వచ్చినవాళ్ళు ఆమె గుమ్మంలో ఆగేవారు. "విజేపాల పేరు రాసుకోమా సోమక్కా?"

"ఆయనింకా రాలేదుగా" అనేది సోమలత. ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. దానానికి మాత్రం అందరికన్నా ముందు వెళ్ళి బండెడు వంట చేసి వచ్చేది.

ఇలా పందొమ్మిదేళ్ళు గడిచాక, తేదీ, పున్నమి మళ్ళీ ఒకచోట కలిశాయి. డిసెంబరు ఇరవయ్యారు, పోయ. పన్సలకి దానాలిచ్చే దాయకుల సంఘానికి పెద్ద విక్రమారత్న మాష్టారు రిటైరైన మనిషి, చేతినిండా తీరిక. కేలెండర్లో ఈ కలయిక చూడగానే ఆయనకి ఆలోచన వచ్చింది. గొడుగు చంకలో పెట్టుకుని సోమలత ఇంటికి వచ్చాడు.

"సోమలతా, ఆ రోజు నిన్ను సన్మానిస్తున్నాం. బ్యానరు కూడా రాయించాను. 'పందొమ్మిదేళ్ళ చెదరని సిల్' అని. పెద్ద పెద్ద అక్షరాలు."

సోమలత చేతిలోని పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. "వద్దు మాష్టారూ. నాకెందుకవన్నీ?"

"వద్దనేవాళ్ళకే చెయ్యాలమ్మా సన్మానం. కావాలనేవాళ్ళకి చేసి చేసి విసుగొచ్చింది." ఆయన హాస్యానికి ఆయనే నవ్వుకుని వెళ్ళిపోయాడు.

కంచె అవతలి నుంచి జోసీ అంతా వింది. "చేయించుకోవే. నా నాలిక్కి కూడా ఒక బ్యానరు కట్టమను. ఇన్నేళ్ళు ఉప్పు చూసింది అదేగా!"

సోమలత నవ్వలేకపోయింది. ఇన్నాళ్ళూ ఊరు తనంతట తాను పొరబడింది, తను ఊరుకుంది. ఇప్పుడు మైకు ముందు తలూపితే అది అబద్ధమాడటమే అవుతుంది. అబద్ధం ఆడకూడదన్నది కూడా ఆ ఎనిమిదిలోదే. మర్నాడు పొద్దున్నే కొండెక్కింది.

పెద్ద హాముదురు కాలం చేసి నాలుగేళ్ళయింది. ఇప్పుడున్నాయన ముప్ఫై ఏళ్ళవాడు, అప్పటికి బోధి చెట్టు చుట్టూ ఇసుక ఊడుస్తున్నాడు. సోమలత మోకాళ్ళ మీద కూర్చుని, తల నేలకానించి, పైకి లేవకుండానే చెప్పడం మొదలుపెట్టింది. మెట్లు, రొట్టె, ఆరు గంటలు, బావి దగ్గర కప్పులు, ఏదీ దాచలేదు. ఇన్నేళ్ళలో అదంతా ఒక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. చిన్న హాముదురు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఉపాసికమ్మా, మీకెవరూ చెప్పలేదా? పోయ సిల్ ఒక పగలు, ఒక రాత్రి. సాయంత్రం అప్పజెప్తే సాయంత్రానికే అయిపోతుంది. అప్పజెప్పకపోతే మర్నాడు తెల్లారగానే దానంతటదే అయిపోతుంది."

"అయిపోతుందా?"

"అయిపోతుందమ్మా. మీది ఇరవయ్యేడో తారీకు పొద్దున్నే అయిపోయింది."

సోమలత ఆయన మొహంకేసి చూసింది. ఆ ఇరవయ్యేడో తారీకు పొద్దున తను ఒడ్డున దుప్పట్లు ఎత్తి చూస్తూ తిరిగింది. అప్పటికే అయిపోయిందా?

"మరి పెద్ద హాముదురు నాతో ఎప్పుడూ అనలేదేం?"

"ఆయన్ని మీరు అడిగారా?"

అడగలేదు. అడిగితే ఇలాంటి జవాబే వస్తుందని లోపలెక్కడో భయం ఉండేదేమో.

"అయితే హాముదురువనే, ఇన్నేళ్ళూ నేను పట్టుకున్నదేంటి?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. వయసు చిన్నదైనా ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. సోమలతే అంది. "ఆశ. చెప్పండి, నేనేం చిన్నపిల్లనా? ఆశ వదులుకోడానికి అందరూ సిల్ తీసుకుంటే, అది వదలకుండా ఉండటానికి నేను తీసుకున్నాను. ఇంత తలకిందులుగా ఇంకెవరైనా చేసుంటారా?"

"మిమ్మల్ని ఏ నియమమూ కట్టెయ్యలేదమ్మా. ఇవాళ సాయంత్రం మీరు భోంచెయ్యొచ్చు" అన్నాడు ఆయన మెల్లగా.

ఆ సాయంత్రం అమ్మకం అయిపోయాక సోమలత పళ్ళెంలో నాలుగు ఇందియాప్పలు పెట్టుకుని కూర్చుంది. పోగు తెంపి నోటిదాకా తెచ్చింది. లోపలికి పోలేదు. నియమం లేదని తెలిశాక కూడా పోగుని తిరిగి పళ్ళెంలోనే పెట్టేసింది. అప్పుడామెకి విషయం పూర్తిగా అర్థమైంది. కట్టేసింది పన్సల కాదు, తనే. విప్పాలన్నా తనే విప్పాలి. విప్పితే విజేపాల ఇంక రానివాడైపోతాడు. పళ్ళెం తీసుకెళ్ళి జోసీ కోళ్ళ ముందు పెట్టేసింది.

పోయ రోజు రానే వచ్చింది. పన్సల మండపం తెల్లబట్టలతో నిండిపోయింది. ముందు వరసలో జోసీ కూడా సిల్ తీసుకుని, మోకాళ్ళు చాపుకుని, పక్కవాళ్ళని మోచేత్తో పొడుస్తూ కూర్చుంది. మూడింటికి విక్రమారత్న మాష్టారు మైకందుకున్నాడు. సిల్ అన్న మాట మీద ఆయన బాగా చదువుకుని వచ్చాడు.

"సిల్ అంటే ఏమిటి? నియమం అంటారు కొందరు. కానీ పెద్దలు ఇంకో అర్థం చెప్పారు. సిల్ అంటే చల్లదనం! ఎండలో నడిచొచ్చినవాడికి చెట్టు నీడ ఎంత చల్లగా ఉంటుందో, ఆశలన్నీ ఆరిపోయిన మనసు అంత చల్లగా ఉంటుంది. ఆ చల్లదనాన్ని కళ్ళారా చూడాలంటే పుస్తకాలు అక్కర్లేదు. మన సోమలతని చూస్తే చాలు!"

జనం "సాధు! సాధు! సాధు!" అన్నారు. మాష్టారు మైకు తెచ్చి సోమలత చేతిలో పెట్టి రెండు మాటలు చెప్పమన్నాడు. ఆమె దాన్ని ఎలా పట్టుకోవాలో తెలీక రెండు చేతుల్తో పట్టుకుంది.

"మాష్టారు చెప్పినంత చల్లగా ఏం లేదు" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగలేదు.

"పందొమ్మిదేళ్ళూ కాలుతూనే ఉంది. నేను సిల్ కాపాడుకోలేదు. ఆ రోజు తీసుకున్నదాన్ని అప్పజెప్పలేదు, అంతే. అప్పజెప్తే మా ఆయన రాడేమోనని. రోజూ సాయంత్రం తినకపోవడం పుణ్యానికి కాదు. ఆయన రొట్టె తెస్తానన్నాడు. తెచ్చేదాకా తినకూడదనుకున్నాను. మీరంతా వేరేగా అనుకుంటుంటే ఊరుకున్నాను. అది నా తప్పు. నేను మొగుడి కోసం తిండి మానేసిన ఆడదాన్ని, ఇంకేం కాదు. ఆ బ్యానరు తీసెయ్యండి మాష్టారూ."

విక్రమారత్న మాష్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ముందుగా నోరు తెరిచింది జోసీయే.

"ఓసి దీని దుంపతెగ! మరి పందొమ్మిదేళ్ళు నా చేత ఉప్పెందుకు చూపించావే?"

జనం భళ్ళున నవ్వేశారు. కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు తగ్గాక చూస్తే జోసీ మొహంలో నవ్వు లేదు. లేచి, మోకాళ్ళు పట్టుకుని, సోమలత దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించాననుకుంది గానీ సగం మండపానికి వినపడింది.

"సిల్‌లో ఉన్నాను కాబట్టి తిట్టట్లేదు. లేకపోతే నా నోరు నీకు తెలుసు. నా చెల్లి అదే నీళ్ళలో పోయింది. ఏటా దాని పేరు మీద ఇంత అన్నం పెట్టి, ఇన్ని నీళ్ళు పోసి, పుణ్యం అందిస్తున్నాను. నువ్వేం చేశావే? నువ్వు తినకపోతే పోయావు. ఆ పిచ్చోడికి కూడా పెట్టలేదు కదే! పోయినవాళ్ళు మనం పంపేదాని కోసం చూస్తూ కూర్చుంటారు. పందొమ్మిదేళ్ళు! జేబు నిండా మరమేకులు వేసుకుని ఎక్కడ కూర్చున్నాడో, ఎంత ఆకలి మీదున్నాడో!"

ఆయన రాలేదని సోమలత ఆకలి పట్టుకుని కూర్చుంది గానీ, తనవల్ల ఆయన ఆకలితో ఉంటాడన్న ఊహ ఒక్కసారి కూడా రాలేదు. ఒకవేళ నిజంగానే ఉంటే? ఒకరి కోసం రొట్టె కాల్చిపెట్టడం తప్ప ఇంకో పుణ్యం ఎరగని మనిషిని, ఇంతకాలం వాకిట్లో నిలబెట్టిందా తను?

అయిదున్నర అయింది. టీ కప్పులు గంపలో పోగయ్యాయి. అలవాటుకొద్దీ సోమలత చెయ్యి గంప మీదికి వెళ్ళింది. జోసీ ఆ చేతిని పట్టి లాగింది. "కప్పులు ఎక్కడికీ పోవు. కూర్చో."

కూర్చుంది. చిన్న హాముదురు అప్పజెప్పే మాటలు చెప్పిస్తుంటే అందరితోపాటు తనూ పలికింది. మొదటి మాటకి గొంతు రాలేదు. రెండో మాటకి వచ్చింది. ఆఖరుకి వచ్చేసరికి పక్కవాళ్ళ గొంతులన్నిటి మధ్యా ఆమె గొంతే వినపడింది. చిన్న పని. రెండు నిమిషాలు పట్టలేదు. అయిపోగానే ఆమెకి వొళ్ళు తేలికపడలేదు సరికదా, చాలాకాలం పట్టుకున్నదేదో చేతిలోంచి జారిపోయి, ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియనట్టయింది. పెళ్ళినాటి నుంచీ ఎరిగున్న ఆ మండపంలో అంత ఒంటరిగా ఆమె ఎన్నడూ లేదు.

తర్వాత పోయినవాళ్ళకి పుణ్యం అందించే వేళ. ఇంటింటి వాళ్ళూ వంతులవారీగా ముందుకొచ్చి, హాముదురు మంత్రాలు చదువుతుంటే మట్టి కూజాలోంచి గిన్నెలోకి నీళ్ళు వంచుతున్నారు. ఒక్కరే వంచరు. తల్లి వంచితే పిల్లలు ఆమె చేతికి చెయ్యి తగిలిస్తారు, వాళ్ళ వెనక మనవలు. ఇల్లంతా కలిసి పట్టుకున్నట్టు ఉంటుంది. పేర్లన్నీ అయిపోయాయి. కాగితం మడిచిన చిన్న హాముదురు సోమలత లేచి రావడం చూసి మళ్ళీ విప్పాడు.

ఆమె కూజా ఎత్తింది. చెయ్యి వెయ్యడానికి వెనక ఎవరూ లేరు.

"హాముదురువనే, నేను పడ్డ ఆ ఆకల్లో పుణ్యమేమైనా ఉందా?"

ఆయన ఆలోచించాడు. "నాకు తెలీదమ్మా" అన్నాడు.

"ఉంటే, అదంతా పంపొచ్చా?"

"పంపొచ్చు. ఎవరి పేరు మీద?"

పేరు చెబితే ఆయన ఆ కాగితం మీదికి వెళ్ళిపోతాడు. సోమలత ఒకసారి వెనక్కి తిరిగి, మెట్ల వైపు చూసింది. తెల్లబట్టల జనం తప్ప ఎవరూ లేరు.

"హేవాగే విజేపాల" అంది. ఆ పేరు పైకి పలికి ఎన్నాళ్ళయిందో. "నా మొగుడు. సముద్రం వచ్చిన రోజు పోయాడు."

నీళ్ళు గిన్నెలో పడుతున్నాయి. ఆమె మోచేతి మీద ఒక బరువైన చెయ్యి పడింది. అది జోసీది. జోసీ భుజం మీద ఇంకెవరిదో పడింది. దాని వెనక ఇంకొకటి. ఇందియాప్పలు తిని పెరిగినవాళ్ళు, సంబల్‌లో కారం ఎక్కువైందని పోట్లాడినవాళ్ళు, ముందు సీటు చూపించిన బస్సు కండక్టరు, చిట్టచివర కళ్ళజోడు సర్దుకుంటూ మాష్టారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుంటూ మండపం గుమ్మందాకా నిలబడ్డారు. కూజా ఖాళీ అయ్యేదాకా ఎవరూ చెయ్యి తియ్యలేదు.

సోమలత కూజా కింద పెట్టి, అక్కడే కూలబడి, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి నలుగురి ముందు గొంతెత్తి ఏడ్చింది. జోసీ పక్కనే చతికిలపడి, ఆమె వీపు రాస్తూ, సిల్ కూడా అప్పజెప్పేసింది గనక హాయిగా సముద్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. ఏడుపు ఒక దారికి వచ్చాక సోమలత ముక్కు తుడుచుకుని తలెత్తింది.

"అక్కా," అంది, తనకే నమ్మకం లేనట్టు. "ఆకలేస్తోంది."